మూడో రోజు పొద్దున మా చేతిలో ఏముంటుంది? హక్కుల శిక్షణలు నడిపే సంస్థలకూ, వాటికి నిధులిచ్చేవారికీ బహిరంగ లేఖ

హక్కుల మీద శిక్షణలు నడిపే సంస్థల పెద్దలకూ, వాటికి నిధులిచ్చే దాతలకూ, వాటికి పాఠాలు (మాడ్యూళ్ళు) రాసే మిత్రులకూ నమస్కారం.

నేను పాడేరు ఏజెన్సీలో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. అడవిలో సాగుచేసుకుంటూ బతికేవాళ్ళకు ఆ భూమి మీద హక్కు ఇచ్చే అటవీ హక్కుల చట్టం అమల్లోకి వచ్చిన కొత్తలో ఈ పనిలోకి వచ్చాను. మాది ఆరుగురున్న చిన్న బృందం. గూడేల్లో గ్రామసభలు జరిగేలా చూడటం, పోడు భూములకు క్లెయిములు రాయించడం, కొట్టేసిన వాటి మీద పై కమిటీకి పిటిషన్లు వేయించడం, పింఛను ఆగినా రేషను ఆగినా అర్జీ రాసిపెట్టడం మా రోజువారీ పని. మీరు పెట్టిన శిక్షణలకు ఇరవైసార్లకు పైగానే వచ్చి ఉంటాను. మీలో చాలామందితో కలిసి భోంచేశాను, కలిసి బస్సుల్లో తిరిగాను. మీరు ఈ పనిని ప్రేమతో చేస్తారని నాకు తెలుసు. అందుకే ఈ విషయం ఎవరో ఒకరి చెవిన వేసి ఊరుకోకుండా అందరికీ కలిపి రాస్తున్నాను.

మీ శిక్షణ రెండు రోజులు ఉంటుంది. మా పని మూడో రోజు పొద్దున మొదలవుతుంది. ఆ పొద్దున మా చేతిలో ఉండాల్సిన కాగితం, అడిగితే చెప్పే మనిషి, ఊళ్ళోవాళ్ళకు అర్థమయ్యే మాట మీ దగ్గర నుంచి మాకు రావడం లేదు. మీ ప్రణాళికల్లో, మీ బడ్జెట్లలో ఆ మూడో రోజుకు చోటు పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం.

ఒక రోజు సంగతి చెప్తాను.

మా బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి, డిగ్రీ చదివిన కొండదొర పిల్ల, రెండేళ్ళ కిందట విశాఖపట్నంలో ఒక శిక్షణకు వెళ్ళొచ్చింది. భుజాన గుడ్డసంచీ, అందులో ఫైలు, పెన్ను, నూట నలభై పేజీల పుస్తకం. చాలా బాగా జరిగిందని సంబరంగా చెప్పింది. మర్నాడు పొద్దున్నే ఒక గూడేనికి వెళ్ళింది. అక్కడ ఒక ముసలమ్మ ఇంట్లోకి వెళ్ళి, దూలానికి వేలాడగట్టిన కవరు దించి, అందులోంచి మడతలు పడిన కాగితం తీసి ఈ పిల్ల చేతిలో పెట్టింది. ఆమె ఎకరంన్నర పోడు క్లెయిమును సబ్ డివిజన్ స్థాయి కమిటీ కొట్టేసిందని ఆ కాగితం. కారణం అన్నచోట రెండే మాటలు: 'ఆధారాలు లేవు'.

అమ్మాయి అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచింది. మొదటి అధ్యాయంలో 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన ఉంది. రెండో దాంట్లో అభివృద్ధి హక్కు మీద 1986లో ఐక్యరాజ్యసమితి చేసిన ప్రకటన ఉంది. తర్వాత అవసరాల దృక్పథానికీ హక్కుల దృక్పథానికీ తేడా చూపించే పట్టిక. అటవీ హక్కుల చట్టం మీద నాలుగు పేజీలు ఉన్నాయి. ఆ చట్టం ఎందుకు వచ్చిందో అవి చెప్తాయి. కొట్టేసిన క్లెయిము మీద ఎవరికి రాయాలి, ఎన్నాళ్ళలో రాయాలి, ఏం జతచేయాలి అన్నది ఎక్కడా లేదు. నాకు ఫోన్ చేసింది. నేనున్న కొండ మీద సిగ్నల్ లేదు. చివరికి 'వచ్చే వారం వచ్చి చెప్తానమ్మా' అంది. 'నీకూ తెలీదా అమ్మా? మరింకెవరికి తెలుస్తాది?' అని అడిగిందట ముసలమ్మ. కోపంతో కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఆ రాత్రి ఆ మాట నాతో చెప్తూ అమ్మాయి ఏడ్చింది.

ఆ పొద్దున తనకు కావలసింది ఒక్క పేజీ. కొట్టేస్తే కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయాలి. దాని మీద జిల్లా స్థాయి కమిటీకి 60 రోజుల్లోగా పిటిషను పెట్టుకోవచ్చు. ఆధారం అంటే సర్కారు కాగితమే కానక్కరలేదు. నియమాల్లో 13వది చూస్తే, క్లెయిము పెట్టని ఊరి పెద్దల వాంగ్మూలం కూడా ఆధారమే, భూమిని చదును చేసిన తీరు, గట్లు, గుడిసె, బావి, సమాధులు కూడా ఆధారమే. ఒకటి చాలదు, కనీసం రెండు రకాలు చూపించాలి. ఈ నాలుగు ముక్కలు, కింద ఒక నమూనా పిటిషను. అంతే. కాగితం అందిన తేదీ లెక్కేస్తే అప్పటికే నలభై ఒక్క రోజులు గడిచిపోయాయి.

తర్వాతి వారం నేనూ వెళ్ళాను. క్లెయిము పెట్టని పెద్దాయన ఒకరు ఆ గూడెంలో ఉన్నారు. పనస చెట్టు కింద కూర్చుని ఆయన్ని అడిగాం. చట్టానికి కావలసిన తేదీ 2005 డిసెంబర్ 13. ఆ రోజుకు ముందు నుంచే భూమి సాగులో ఉండాలి. క్యాలెండరు చూసి బతకని మనిషి ఆ తేదీకి ఏం చెప్తాడు? మేం పనిలో పడి నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. ఇక్కడ హుద్‌హుద్ తుఫానును ఎవరూ మర్చిపోలేదు. అది 2014 అక్టోబరులో వచ్చింది. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెడతాం. 'తాతా, తుఫానుకి ఆ పోడులో పడిపోయిన జీడిమామిడి చెట్టు ఎప్పుడు పెట్టిందో గుర్తుందా?' అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, 'మా చిన్న మనవడు పుట్టిన ఏడే ఆమె మొగుడు పెట్టాడు. తుఫాను నాటికి ఆ పిల్లాడు పదో తరగతి' అన్నాడు. మా పని అక్కడితో సగం అయిపోయింది. మనవడి బడి సర్టిఫికెట్లో పుట్టిన తేదీ ఉంది. వాంగ్మూలం రాసి, ఆయనకు చదివి వినిపించి, ఆ సర్టిఫికెట్ జిరాక్స్ జతచేశాం. ఇంకు ప్యాడ్ ఎండిపోయి ఉంటే నాలుగు చుక్కల నీళ్ళు వేసి తడిపి వేలిముద్ర వేయించాం. పొలం గట్లకు ఫొటోలు తీశాం. యాభై ఆరో రోజున పిటిషను ఇచ్చి, తేదీ ముద్ర పడిన రశీదు చేతికొచ్చేదాకా ఆఫీసు వరండాలోంచి కదల్లేదు.

తుఫాను నుంచి వెనక్కి లెక్కపెట్టే ఈ పద్ధతి నేను చూసిన ఏ మాడ్యూల్లోనూ లేదు. మా ఆరుగురి బుర్రల్లో ఉంది. సీతంపేటలో, రంపచోడవరంలో, ఉట్నూరులో, ఏటూరునాగారంలో పనిచేసేవాళ్ళ దగ్గర ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో. వాళ్ళు ఈ పని మానేస్తే అవీ వాళ్ళతోనే పోతాయి. మానేస్తున్నారు కూడా. ఏడెనిమిది వేల జీతంతో, అదీ ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే వచ్చే జీతంతో ఎన్నేళ్ళు ఉంటారు? కాబట్టి కొత్త మాడ్యూలు రాయించాలనుకున్నప్పుడు ముందుగా ఇలాంటి నలుగురిని కూర్చోబెట్టి వాళ్ళు చెప్పేది రాసుకోండి. కన్సల్టెంటుకు రోజుకు ఎంత ఇస్తారో వాళ్ళకూ అంతే ఇవ్వండి. వాళ్ళ పేర్లు పుస్తకం మీద వేయండి.

తెలుగునాట ఇది కొత్త విషయం కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిపూట లాంతరు పెట్టుకుని కూలి ఆడవాళ్ళు చదివిన వాచకంలో ఒక పాఠం ఉంది. ఆడవాళ్ళంతా కలిసి ఊళ్ళో సారా దుకాణం మూయించిన కథ అది. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, మన ఊళ్ళో ఎందుకు మూయించలేం అనుకున్నారు, మూయించారు. దూబగుంట రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్ళింది. ఒక వాచకంలోని ఒక్క పాఠానికి అంత బలం ఎక్కడిది? అది రాసినవాళ్ళకు చదివేవాళ్ళ ఇల్లు తెలుసు. రాత్రి తాగొచ్చిన మొగుడు తెలుసు, పొద్దున ఖాళీ అయిన కూలి డబ్బులు తెలుసు. హక్కు అనే మాటకు అర్థం చెప్పకుండానే హక్కు నేర్పారు. మన శిక్షణ సామగ్రికి తాతలాంటి పాఠం అది. హక్కుల ట్రైనర్లను తయారుచేసే చోట ఆ నెల్లూరు అనుభవాన్ని చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఫిలిప్పీన్స్ ఉదాహరణలు విన్నాను, బ్రెజిల్ ఉదాహరణలు విన్నాను. అవీ మంచివే. మన ఇంట్లో ఉన్నదాన్ని కూడా బయటికి తీద్దాం.

భాష సంగతి కూడా చెప్పాలి. మాకిచ్చే పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులో రాసి తెలుగులోకి మార్చినవి. 'విధి వాహకులు', 'సాధికారతా సూచికలు', 'మార్పు సిద్ధాంతం' లాంటి మాటలు వాటిలో ఉంటాయి. 'విధి వాహకులు' అన్న మాటను గూడెంలో చెప్పడానికి నేను మొదట్లో చాలా కష్టపడ్డాను. తర్వాత ఒక మీటింగులో ఒక వార్డు మెంబరు ఆమే నాకు దారి చూపించింది. 'అంటే ఈ పని ఎవరు చెయ్యాలి, చెయ్యకపోతే ఎవరిని అడగాలి, అంతే కదా' అంది. అంతే. ఆ రోజు నుంచి నేను ఆ రెండు ప్రశ్నలతోనే పాఠం మొదలుపెడతాను. బోరింగు చెడిపోయింది. ఈ పని ఎవరు చెయ్యాలి? చెయ్యకపోతే ఎవరిని అడగాలి? అంగన్‌వాడీకి గుడ్లు రాలేదు. ఎవరు చెయ్యాలి, ఎవరిని అడగాలి? గంటసేపట్లో జనమే పట్టిక తయారుచేస్తారు.

ఇంగ్లీషు మాట వద్దని కాదు. 1970లో వచ్చిన భూబదలాయింపు నిబంధనను ఏజెన్సీలో చదువురాని ముసలాళ్ళు కూడా 'వన్ ఆఫ్ సెవెంటీ' అనే అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదని చెప్పేది అదే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు దాని మీదే నిలబడి, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చినా అది కూడా బదలాయింపే అంది. ఆ కేసు మొదలైంది మా అనంతగిరి కొండల్లోనే, ఒక చిన్న సంస్థ, కొన్ని గూడేల జనం కలిసి. 'వన్ ఆఫ్ సెవెంటీ' అన్నది జనం నోట్లో నానింది ఎందుకంటే దాంతో వాళ్ళకు పని పడింది. పని పడిన మాటను జనం ఏ భాషలోదైనా తెచ్చుకుంటారు, పని పడని మాటను ఎంత అచ్చ తెలుగులో చెప్పినా వదిలేస్తారు. అందుకని ముందు పని చూడండి, మాటలు దాని వెంట వస్తాయి.

ఇంకో మాట. మాకు తెలుగు కూడా చాలదు. కువి మాట్లాడే గూడేలున్నాయి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవి ఉన్నాయి. కిందకి వెళ్తే కోయ, పైకి వెళ్తే సవర, తెలంగాణ వైపు గోండి, కొలామి. గిడుగు రామమూర్తి పంతులు గారు వందేళ్ళకు పైబడిన నాడే సవరల భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాళ్ళకు వాచకాలు రాశారు. పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలన్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన చేసిన పనిలో ఈ సగాన్నీ మనం అందుకోవాలి. పుస్తకాలే వేయనక్కరలేదు. చదవడం రాని మనిషికి ఐదు నిమిషాల మాట చాలు. కువిలో, కోయలో వాళ్ళలోవాళ్ళే మాట్లాడిన ఆడియో ఒకటి ఫోన్లో ఉంటే, సిగ్నల్ ఉన్నచోట ఎక్కించుకుని లేనిచోట వినిపిస్తాం. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత ఆడవాళ్ళు 2008 నుంచి సంగం రేడియోను వాళ్ళే నడిపిస్తున్నారు. వాళ్ళ పంటలు, వాళ్ళ పాటలు, వాళ్ళ మాట. బడికి వెళ్ళని ఆడవాళ్ళు మైకు పట్టుకుని అంత పని చేయగలిగినప్పుడు ఒక చట్టంలో ఐదు ముక్కలు రికార్డు చేయలేరా?

పాతబడిన సామగ్రి గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. పోయినేడు నా చేతికొచ్చిన ఒక శిక్షణ పుస్తకంలో మా ఊళ్ళు ఇంకా విశాఖపట్నం జిల్లాలోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. పాడేరు జిల్లా కేంద్రమైంది. ఆ పుస్తకం చూసి అర్జీ రాస్తే ఎక్కడికి పోతుంది? అటవీ హక్కుల మీద 2008 నాటి నియమాలే ఇంకా అచ్చేస్తున్నారు. 2012లో అవి మారి ఫారాలు మూడయ్యాయి. ఎ ఫారం సొంత సాగుకు, బి ఫారం ఊరందరి హక్కులకు, సి ఫారం ఊరు కాపాడుకునే అడవికి. సి ఫారం ఉందని తెలియక దాన్ని అసలు అడగని ఊళ్ళు మా దగ్గర ఎన్నో ఉన్నాయి. అదే పుస్తకంలో గ్రామసభ అంటే పంచాయతీ ఆఫీసు దగ్గర జరిగేదే అన్నట్టు రాశారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఈ చట్టానికి గ్రామసభ గూడెంలో జరగాలి. పంచాయతీ దగ్గర ఎనిమిది గూడేలకు కలిపి పెట్టిన సభలో చేసిన తీర్మానాన్ని పట్టుకుని నాలుగేళ్ళు తిరిగినవాళ్ళు నాకు తెలుసు. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం ఇవ్వక్కర్లేదనే 8(1)(జె) సెక్షనును 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మార్చింది. పాత పుస్తకం చదివి వెళ్ళిన కార్యకర్త ఆఫీసులో నిలబడి పాత సెక్షను చెప్తే, తప్పు తనదే అవుతుంది, మాట పోయేదీ తనదే. పుస్తకం అచ్చేసిన రోజే దాని మీద 'ఈ తేదీ వరకు సరైనది' అని ఒక ముక్క వేయండి. ఏడాదికోసారి సరిచూసే మనిషికి జీతం పెట్టండి. వెయ్యి కాపీలకు బదులు మూడు వందలు వేసినా ఫర్వాలేదు.

ఇందులో ప్రభుత్వాల బాధ్యతా ఉంది. సమాచార హక్కు చట్టంలో 26వ సెక్షను ఏమంటుందంటే, ప్రజలకు, ముఖ్యంగా వెనకబడిన వర్గాలకు ఈ హక్కును ఎలా వాడుకోవాలో నేర్పించే కార్యక్రమాలు ప్రభుత్వం తనకున్న నిధుల మేరకు పెట్టొచ్చు, తేలిగ్గా అర్థమయ్యే మార్గదర్శిని రాష్ట్ర అధికార భాషలో తేవాలి, దాన్ని ఎప్పటికప్పుడు సరిదిద్దుతూ ఉండాలి. అటవీ హక్కుల నియమాల్లో 6వది సబ్ డివిజన్ స్థాయి కమిటీకే ఈ పని అప్పజెప్పింది. అడవిలో ఉండేవాళ్ళకు చట్టం గురించి తెలియజెప్పాలి, క్లెయిము ఫారాలు ఉచితంగా దొరికేలా చూడాలి, గ్రామసభకు మ్యాపులు ఇవ్వాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, రెండు రాష్ట్రాల శిక్షణ సంస్థలు అధికారులకు ఏటా తరగతులు పెడుతూనే ఉన్నాయి. ఆ తరగతుల్లో మాలాంటివాళ్ళను కూడా అదే గదిలో, అదే బెంచీ మీద కూర్చోబెట్టండి. ఒకసారి అలా జరిగింది. అటవీశాఖ బీట్ ఆఫీసరు ఒకరూ నేనూ పక్కపక్కన కూర్చుని 13వ నియమం చదివాం. పెద్దల వాంగ్మూలం చెల్లుతుందని ఆయనకూ అప్పటిదాకా తెలియదు. తర్వాత ఆయన మా వైపు పనిచేసిన మూడేళ్ళూ ఒక్క వాంగ్మూలాన్నీ పక్కన పెట్టలేదు.

డబ్బు గురించి మీకు చెప్పేంతటివాణ్ణి కాదు. అయినా మా వైపు నుంచి ఎలా కనబడుతుందో చెప్పాలి. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించాక, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధుల్ని ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. పాలనా ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అంతకుముందు పెద్ద సంస్థల దగ్గర నుంచి మాలాంటివాళ్ళకు కొంత డబ్బు వచ్చేది. దాంతో ఒక మనిషి జీతం, ఒక బండి పెట్రోలు నడిచేవి. అది ఆగింది. పెద్ద కంపెనీలు 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో 2 శాతం ఖర్చుపెడుతున్నాయి, కానీ ఆ డబ్బు మరుగుదొడ్లకు, బడి బెంచీలకు వచ్చినంత సులువుగా గ్రామసభకు రాదు. ఇప్పుడు పెద్ద సంస్థలు మాకు ఇవ్వగలిగింది శిక్షణ ఒక్కటే అయింది. అందుకే అది ఇంత ముఖ్యమైంది. ఇచ్చేది అదొక్కటే అయినప్పుడు అది మూడో రోజు దాకా రావాలి.

అంటే ఏం చేయాలి? రెండు రోజుల శిక్షణకు పెట్టే ఖర్చులో సగం తీసి, ఆ తర్వాత ఆరు నెలలకు పెట్టండి. ఫోన్ ఎత్తే ఒక లాయరు, వారానికి రెండు పూటలు చాలు. న్యాయ సేవల సంస్థలు ఎలాగూ ఉన్నాయి. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఉచితంగా లాయర్ని పెట్టమని 1987 నాటి చట్టమే చెప్తోంది. ఆ సాయం అడగడానికి 15100 ఫోన్ నంబరు ఉంది. మా కార్యకర్తల్ని పారా లీగల్ వలంటీర్లుగా, అంటే ఊళ్ళలో చట్టసాయం అందించే వలంటీర్లుగా, వాళ్ళతో కలపడానికి మీరు మాట సాయం చేస్తే మాకు అదే పదివేలు. శిక్షణను పట్నంలో కాకుండా మండల కేంద్రంలో, సంత లేని రోజు చూసి పెట్టండి. చంటిపిల్లల తల్లులు వస్తారు, పిల్లల్ని చూసే మనిషిని ఒకరిని పెట్టండి. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఒక శిక్షణకు మా దగ్గర నుంచి వచ్చిన నలుగురు ఆడ మెంబర్లకు రెండు రోజుల్లో దక్కిన అవకాశం స్వాగత గీతం పాడటమే. వాళ్ళలో ఒకామెకు ఊరి హద్దురాళ్ళు ప్రతిదీ తెలుసు. మ్యాపు గీసే తరగతి ఆమె చేత చెప్పించి ఉంటే ఎంత బాగుండేది! దారిఖర్చులు అదే రోజు చేతికివ్వండి. అప్పు చేసి వచ్చినవాళ్ళు తిరుగు చార్జీల కోసం ఎదురుచూస్తూ పాఠం వినలేరు.

పాఠం పనిచేస్తూ చెప్తే ఎలా ఉంటుందో మన రాష్ట్రంలోనే చూశాం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. ఆ తర్వాత సామాజిక తనిఖీ వచ్చింది. కూలీల ఇళ్ళ నుంచి వచ్చిన చదువుకున్న పిల్లలకు కొన్ని రోజులు నేర్పి, వాళ్ళది కాని ఊరికి పంపేవారు. మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి 'అన్నా, నువ్వు ఆరు రోజులు పనిచేశావని ఉంది, నిజమేనా?' అని అడిగేవారు. చివర్లో అందరి ముందూ చదివేవారు. చచ్చిపోయిన మనిషి పేరు మస్టర్లో వినబడగానే సభ మొత్తం లేచిన రోజులు నేను చూశాను. ఆ పిల్లలకు రాజ్యాంగం అధికరణాలు బోర్డు మీద ఎవరూ రాయలేదు. మస్టరే వాళ్ళ పాఠ్యపుస్తకం.

శిక్షణ చివరి రోజు సాయంత్రం మా చేత ఫీడ్‌బ్యాక్ ఫారం నింపిస్తారు. బాగుంది, చాలా బాగుంది అని టిక్కులు పెట్టేస్తాం, బస్సుకు టైమవుతుంది. ఆ ఫారం ఆరు నెలల తర్వాత పంపండి. ఎన్ని అర్జీలు పెట్టారు, ఎన్నిటికి రశీదు తీసుకున్నారు, ఎక్కడ ఆగిపోయారు, మా పుస్తకంలో ఏది దొరకలేదు అని అడగండి. దాతలకు పంపే రిపోర్టులో 'ఇంతమందికి శిక్షణ' అన్న అంకె పక్కన ఈ అంకెలూ ఉంటే, అవి తక్కువగా కనబడినా, మేం సిగ్గుపడం, మీరూ పడక్కర్లేదు. దాతలు కూడా దయచేసి ఆ చిన్న అంకెలను చూసి నిధులు ఆపకండి.

భద్రత గురించి ఒక్క తరగతి కూడా ఉండటం లేదు. 2010 జనవరిలో మహారాష్ట్రలో సతీశ్ శెట్టిని చంపేశారు. అదే ఏడాది జులైలో గుజరాత్ హైకోర్టు దగ్గర అమిత్ జెఠ్వాను కాల్చేశారు. ఇద్దరూ సమాచారం అడిగినవాళ్ళే. మా దగ్గర అంత దాకా రాకపోయినా, ఇసుక మీదో, నల్లరాయి క్వారీ మీదో అర్జీ వేసిన కుర్రాడి ఇంటికి రాత్రిపూట మనుషులు రావడం జరిగింది. ఒక్కడి పేరు మీద వేయకుండా నలుగురు వేర్వేరుగా వేయడం, పెట్టిన ప్రతి కాగితం కాపీ వేరే ఊళ్ళో ఉంచడం, బెదిరింపు వస్తే ఎవరికి ముందు చెప్పాలో తెలిసి ఉండటం. ఇవి నేర్పకుండా 'ధైర్యంగా అడగండి' అని పంపించడం ఇరవై రెండేళ్ళ పిల్లలకు అన్యాయం. నాకు వీటి మీద చాలా టెన్షన్ ఉంది, ఎందుకంటే వాళ్ళను ఊళ్ళలోకి పంపేది నేను.

హక్కుల ఉద్యమ న్యాయవాది బాలగోపాల్ గారు 2009లో పోయేదాకా చట్టాన్ని తెలుగులో విడమరిచి చెప్పేవారు. పల్లెటూరి సభలో కూడా ఒక్క మాట తేలిక చేయకుండా, ఒక్క మాట కష్టపెట్టకుండా. అలాంటి మనిషి మళ్ళీ దొరకాలని నేను అడగడం లేదు. అలాంటి పేజీలు పది మంది కలిసి రాయొచ్చని అడుగుతున్నాను.

మా వంతు మేం మొదలుపెట్టాం. ఇప్పటికి పదకొండు కాగితాలు తయారయ్యాయి, ఒక్కోటీ ఒక్క పేజీ. కొట్టేసిన క్లెయిము మీద ఏం చేయాలి అన్నది మొదటిది. పెద్దల వాంగ్మూలం ఎలా రాయాలి, తేదీని ఊరి గుర్తులతో ఎలా పట్టుకోవాలి అన్నది రెండోది. సమాచార దరఖాస్తు మీద ఒకటి: 2005 నియమాల ప్రకారం గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10 అని, రాయడం రానివాళ్ళు నోటితో చెప్తే అధికారే రాసుకోవాలని పెద్ద అక్షరాలతో వేశాం. ఆ కాగితం చూపించి ఒక తాత మండల ఆఫీసులో తన దరఖాస్తు రాయించుకొచ్చాడు. మూడింటికి కువిలో ఆడియో చేశాం. ప్రతిదాని కిందా 'ఎవరైనా జిరాక్స్ తీసుకోవచ్చు' అని ఉంది. మీవి కూడా అలాగే వదిలిపెట్టమని కోరుతున్నాను.

వీటిలో తప్పులుండొచ్చు. మాలో లాయరు లేరు. మీలో చట్టం తెలిసినవాళ్ళు ఒక్క రోజు తీరిక చేసుకుని వీటిని సరిచూసి పెట్టండి. పన్నెండోది ఉమ్మడి పట్టా గురించి, పట్టాలో భార్య పేరు కూడా ఎక్కించడం మీద. అది మాకు సగంలో ఆగిపోయింది. వస్తానంటే బస్టాండు దగ్గరికి వచ్చి తీసుకెళ్తాం, మా ఆఫీసులోనే పడుకోవచ్చు. ముసలమ్మ గూడేనికి కూడా తీసుకెళ్తాను. ఆమెకు పట్టా ఇంకా రాలేదు. పిటిషను రశీదు మాత్రం ఆ దూలానికి వేలాడే కవర్లో భద్రంగా ఉంది.

ఇట్లు,
పాడేరు ఏజెన్సీ నుంచి ఒక క్షేత్ర కార్యకర్త